పరిమళించే పొగ

పొగ అనగానే కళ్ళ మంట, దగ్గు, మసిబారిన గోడలు మనసుకు తోస్తాయి. వంటింట్లో పొగ లేకుండా చేయడానికి మనిషి శతాబ్దాలుగా పాటుపడుతున్నాడు. గూడు పొయ్యి, పొగగొట్టం, కిరసనాయిలు పొయ్యి, గ్యాసు పొయ్యి, విద్యుత్ పొయ్యి ఒకదాని తర్వాత ఒకటి అందుకే వచ్చినవి. అయినా అదే మనిషి అప్పుడప్పుడు కోరి పొగను పిలుస్తాడు. పసిబిడ్డకు తలంటి పోసి సాంబ్రాణి పొగ వేస్తాడు. దేవుని ముందు ధూపం వెలిగిస్తాడు. తినే కూరలోకి, త్రాగే మజ్జిగలోకి, కొన్ని దేశాలలో తీపి మిఠాయిలలోకి సైతం పొగను పట్టిస్తాడు. తరిమివేయవలసిన పొగ ఏది? పిలుచుకోదగిన పొగ ఏది? ఈ రెంటికీ నడుమ ఉన్న గీత ఎక్కడ? ఈ ప్రశ్నకు సమాధానం రసాయన శాస్త్రంలో ఉన్నది.

నిప్పు కణిక, లవంగం, నేయి

సికింద్రాబాదుకు ఈశాన్యంగా నేరేడ్‌మెట్ అనే పేట ఉన్నది. పేరులోనే నేరేడు చెట్టు నిలిచి ఉన్న ఈ పేటలోను, దాని పొరుగున ఉన్న సైనిక్‌పురిలోను దేశం నలుమూలలనుంచి వచ్చి స్థిరపడిన సైనికోద్యోగుల కుటుంబాలు చాల ఉన్నవి. అందుచేత ఇక్కడి వంటిండ్లలో తెలుగువారి తిరగమోత, హైదరాబాదీ దమ్ము, ఉత్తరాది పప్పు ఇరుగుపొరుగున ఉంటాయి. ఆ వంటిండ్లలో కనబడే ఒక పద్ధతి ‘ధుంగార్’. హైదరాబాదు వంటలో దమ్ కా ఖీమా, కబాబు వంటి వాటికి దీనిని వాడుతారు. ఉత్తరాదివారు పప్పుకు, పెరుగు పచ్చడికి కూడ వాడుతారు.

పద్ధతి సులువైనది. కూర వండి దించిన తర్వాత గిన్నె నడుమ ఒక చిన్న లోహపు గిన్నెనో, ఉల్లిపాయ దొప్పనో ఉంచుతారు. అందులో ఎర్రగా కాలిన బొగ్గు కణికను పెట్టి, దానిపై రెండు లవంగాలు వేసి, ఒక చెంచా నేయి పోస్తారు. చుర్రుమని తెల్లని పొగ లేస్తుంది. వెంటనే మూత పెడతారు. కొన్ని నిమిషాల తర్వాత మూత తీసి బొగ్గును తీసివేస్తారు. కూరలో కొత్త పదార్థమేదీ కంటికి కనబడదు, కాని దాని రుచి మారిపోయి ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఎర్రగా కాలిన బొగ్గు తనంతట తాను దాదాపు పొగ ఇవ్వదు. బొగ్గు బట్టీలో కట్టె కాలినప్పుడే అందులోని ఆవిరయ్యే పదార్థాలు చాల వరకు పోయినవి. మిగిలింది ప్రధానంగా కర్బనం. కనుక ధుంగార్ పొగ బొగ్గునుంచి వచ్చినది కాదు. అది నేతినుంచి, లవంగాలనుంచి వచ్చినది. బొగ్గు ఇక్కడ వేడిని ఇచ్చే సాధనం మాత్రమే.

పొగ అంటే ఏమిటి?

పొగ ఒక్క పదార్థం కాదు. అందులో రెండు భాగాలున్నవి. ఒకటి కంటికి కనిపించే భాగం. అది గాలిలో తేలే అతి సూక్ష్మమైన ద్రవ బిందువులు, ఘన రేణువులు. వీటిలో చాల వాటి పరిమాణం మిల్లీమీటరులో వెయ్యవ వంతుకన్న తక్కువ. రెండవది కంటికి కనిపించని భాగం. అది ఆవిరి రూపంలో ఉన్న అణువుల గుంపు. చూపుకు పొగ అంటే మొదటిది, ముక్కుకు పొగ అంటే రెండవది.

ఆహారానికి పరిమళం పట్టించడంలో ఏ భాగం ముఖ్యమైనది? కనిపించే బిందువులు పదార్థంపై పడి అంటుకోవడమే కారణమని చాలకాలం అనుకునేవారు. బ్రిటన్‌లో చేపలకు పొగ పట్టించే ప్రక్రియను పరిశోధించిన ఫాస్టర్, సింప్సన్ అనే శాస్త్రజ్ఞులు 1961లో ఈ అభిప్రాయాన్ని సవరించారు. తడిగా ఉన్న ఆహారపు ఉపరితలం ప్రధానంగా ఆవిరినే పీల్చుకుంటుందని వారు చూపినారు. బిందువులు ఒక నిల్వ వంటివి. ఆవిరి ఆహారంలోకి పోయినకొద్దీ బిందువులనుంచి మరికొంత ఆవిరి విడుదల అవుతుంది. గిన్నెకు మూత పెట్టడంలోని అర్థం ఇదే. మూసిన చోట ఆవిరి చెదిరిపోక, ఆహారంలో కరగడానికి తగినంత వ్యవధి దొరుకుతుంది.

పొగ రుచి అని మనం అనేది నిజానికి నాలుకకు తెలిసేది కాదు. నాలుక తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొద్ది రుచులనే గుర్తిస్తుంది. నమిలేటప్పుడు ఆహారంలోని సుగంధపు ఆవిరి గొంతు వెనుకనుంచి ముక్కులోకి ఎక్కుతుంది. అక్కడ తెలిసిన వాసననే మనం రుచి అనుకుంటాము. జలుబు చేసినవారికి ధుంగార్ పెట్టిన కూరకు, పెట్టని కూరకు భేదం తెలియకపోవడానికి కారణం ఇదే.

మంట పరిమళాన్ని తినివేస్తుంది

పరిమళాన్ని ఇచ్చే అణువులు చాల వరకు కర్బనం, ఉదజని, ఆమ్లజని చేరి ఏర్పడినవి. అవి మంటలో పడితే ఆమ్లజనితో కలిసి బొగ్గుపులుసు గాలిగాను, నీటి ఆవిరిగాను మారిపోతాయి. ఈ రెంటికీ వాసన లేదు. పూర్తిగా మండిన మంచిగంధపు చెక్క, పూర్తిగా మండిన గడ్డిపోచ చివరకు ఒకే విధమైన వాయువులను ఇస్తాయి. కనుక పరిమళం కావలెనంటే వేడి ఉండవలెను గాని మంట ఉండరాదు. అగరువత్తిని వెలిగించి, వెంటనే మంటను ఊది ఆర్పివేసేది ఇందుకే. సాంబ్రాణిని మంటలో వేయక నిప్పులపై చల్లేది కూడ ఇందుకే.

ఈ సూత్రాన్ని కొవ్వొత్తితో చక్కగా చూడవచ్చును. వెలుగుతున్న కొవ్వొత్తిని ఊది ఆర్పితే వత్తినుంచి తెల్లని తీగవంటి పొగ లేస్తుంది. అది మసి కాదు. వేడి వత్తినుంచి లేచిన మైనపు ఆవిరి చల్లబడి బిందువులైనది. ఆ తెల్లని తీగకు పైభాగాన మండుతున్న అగ్గిపుల్ల తాకిస్తే మంట తీగ వెంట క్రిందికి పరుగెత్తి వత్తిని తిరిగి ముట్టిస్తుంది. మైకేల్ ఫారడే 1860-61 శీతకాలపు సెలవులలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బాలబాలికలకు కొవ్వొత్తిని గురించి ఇచ్చిన ఉపన్యాసాలలో దీనిని చూపినాడు. మంట ఉన్నంతసేపు మైనం మండిపోతుంది. మంట ఆరిన క్షణంనుంచి మైనం మండకుండా ఆవిరిగా బయటకు వస్తుంది. మైనంలో సుగంధద్రవ్యాలు కలిపి ఉంటే అవికూడ దానితోబాటు చెడకుండా బయటకు వస్తాయి.

ఈ చిన్న సంగతిని ఆధారం చేసుకొని ఒక దేశం తన మిఠాయిలకు ప్రత్యేకమైన పరిమళాన్ని సంపాదించుకొన్నది. అది 1939 వరకు సయాం అనే పేరుతో ప్రసిద్ధమైన థాయ్‌లాండు.

సయాం దేశపు మిఠాయి కొవ్వొత్తి

థాయ్ వంటింట్లో ‘తియన్ ఓప్’ అనే కొవ్వొత్తి ఉంటుంది. వెలుగుకోసం దానిని వాడరు. లావైన నూలు వత్తి చుట్టూ తేనెమైనం, సాంబ్రాణి, జాజికాయ, ముడతలుపడిన తొక్కగల ఒక నిమ్మజాతి కాయ తొక్క మొదలైనవి కలిపి అద్ది, కొక్కెం వలె వంచుతారు. పాళ్ళు తయారుచేసేవారిని బట్టి మారుతాయి. వత్తి రెండు కొనలను వెలిగించి, కొద్దిసేపు మండనిచ్చి, ఊది ఆర్పి, ఆ పొగతో సహా కొవ్వొత్తిని చిన్న గిన్నెలో పెట్టి, మిఠాయిలున్న పాత్రలో ఉంచి మూత బిగిస్తారు. అరగంటో అంతకన్న ఎక్కువో అట్లాగే వదలుతారు. పరిమళం చాలదనుకుంటే మరొకసారి వెలిగించి ఆర్పుతారు.

‘క్లీబ్ లమ్‌దువన్’ అనేది గోధుమపిండి, చక్కెర, నూనెతో చేసే గుల్ల బిస్కత్తు వంటిది. లమ్‌దువన్ అనే పువ్వు రేకుల ఆకారంలో దానిని తీర్చుతారు. ‘అలువా’ అనేది పిండి, చక్కెర, కొబ్బరిపాలు కలిపి వండి, చిన్న చిన్న మొగ్గలుగా పెట్టి ఆరబెట్టిన మిఠాయి. రెంటికీ ఈ కొవ్వొత్తి పొగ పట్టిస్తారు. ఎండకాలంలో తినే ‘ఖావో చే’ మాటకు నానబెట్టిన అన్నం అని అర్థం. మన చద్దన్నం వలె పులియనివ్వరు. మల్లెజాతి పూలతోను, కొవ్వొత్తి పొగతోను పరిమళింపజేసిన చల్లని నీటిలో అన్నాన్ని వేసుకొని తింటారు. నీటికి పొగ పట్టించడం వినడానికి వింతగా ఉంటుంది. కాని కుండనీళ్ళలో వట్టివేరు వేసుకొనే తెలుగువారికి అందులోని కోరిక అర్థం కాకపోదు.

ధుంగార్‌కు, తియన్ ఓప్‌కు పోలిక ఇప్పుడు స్పష్టమే. రెంటిలోను వేడి ఉన్నది, మంట లేదు. రెంటిలోను ఆవిరిని ఇచ్చే జిడ్డు పదార్థం ఉన్నది. అక్కడ నేయి, ఇక్కడ మైనం. రెంటిలోను సుగంధద్రవ్యం ఉన్నది. రెంటికీ మూత ఉన్నది. భేదం వేడిలో ఉన్నది. ఎర్రని బొగ్గు వేడి ఆరేడు వందల సెంటిగ్రేడు డిగ్రీలు ఉంటుంది. ఆరిన వత్తి క్షణక్షణానికి చల్లబడుతుంది. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీలకే కరుగుతుంది. అందుచేత కొవ్వొత్తి పొగ మృదువుగా, బొగ్గుమీది నేతి పొగ ఘాటుగా ఉంటాయి. ఈ భేదం రుచికే పరిమితం కాదు. ఆరోగ్యం మాట వచ్చినప్పుడు దానిని మరల తలచుకోవలసి ఉంటుంది.

సాంబ్రాణిలోనుంచి వచ్చిన బెంజీన్

తియన్ ఓప్‌లోని ముఖ్య సుగంధద్రవ్యాలలో సాంబ్రాణి ఒకటి. మన అంగళ్ళలో సాంబ్రాణి అనే పేరుతో పలు రకాల జిగురులు అమ్ముతారు. శాస్త్రంలో బెంజోయిన్ అనబడేది స్టైరాక్స్ జాతి చెట్ల జిగురు. లావోస్, వియత్నాం, థాయ్‌లాండు అడవులలో దొరికేది స్టైరాక్స్ టోంకినెన్సిస్. దీనికే సయాం బెంజోయిన్ అని పేరు. సుమత్రా దీవిలో దొరికేది మరొక రకం. చెట్టు బెరడుకు గాటు పెడితే, ఆ గాయాన్ని మాన్పుకోవడానికి చెట్టు ఈ జిగురును స్రవిస్తుంది. అరబ్బు వర్తకులు దీనిని ‘లుబాన్ జావి’, అనగా జావా ధూపం, అని పిలిచేవారు. ఆ మాటే యూరపు భాషలలో నలిగి బెంజోయిన్ అయినది.

ఈ జిగురును మెల్లగా వేడిచేస్తే తెల్లని సూదులవంటి స్ఫటికాలు పైమూతకు అంటుకుంటాయని 16వ శతాబ్దంలోనే గమనించారు. కర్పూరం వలె ఇదికూడ ఉత్పతనం చెందే పదార్థం. దానికి బెంజోయిక్ ఆమ్లం అని పేరు వచ్చినది. దాని సంఘటనను 1832లో జర్మను రసాయన శాస్త్రజ్ఞులు లీబిగ్, వోలర్ నిర్ణయించారు. మిట్షర్లిఖ్ అనే మరొక జర్మను శాస్త్రజ్ఞుడు 1833లో ఈ ఆమ్లాన్ని సున్నంతో కలిపి వేడిచేసినాడు. ఆమ్లంలోనుంచి బొగ్గుపులుసు గాలిని సున్నం పట్టుకోగా, తేలికగా ఆవిరయ్యే ఒక ద్రవం వెలువడినది. అది ఫారడే 1825లో దీపపు వాయువు తయారీలో మిగిలిన నూనెనుంచి వేరుచేసిన ద్రవమే. ఆరు కర్బన పరమాణువులు, ఆరు ఉదజని పరమాణువులు గల ఆ పదార్థానికి సాంబ్రాణి పేరే స్థిరపడి బెంజీన్ అయినది. ఆ ఆరు కర్బన పరమాణువులు వలయంగా కూర్చుని ఉన్నవని కేకులే 1865లో ప్రతిపాదించినాడు. ఇంటర్మీడియెట్ విద్యార్థి కంఠస్థం చేసే బెంజీన్ వలయం వెనుక ఇంత ధూపం ఉన్నది.

బెంజోయిక్ ఆమ్లం లవణమైన సోడియం బెంజోయేటును నేడు షర్బత్తులు, పచ్చళ్ళు చెడకుండా నియమిత పాళ్ళలో కలుపుతున్నారు. చెట్టు తన గాయాన్ని సూక్ష్మజీవులనుంచి కాపాడుకొనే జిగురులో ఉన్న పదార్థం సీసాలోని పచ్చడినికూడ కాపాడుతున్నదన్న మాట.

లవంగం, సాంబ్రాణి, కట్టెపొగ: ఒకే కుటుంబం

సయాం బెంజోయిన్‌లో అధిక భాగం కోనిఫెరిల్ బెంజోయేటు అనే పదార్థం. ఇది బెంజోయిక్ ఆమ్లం, కోనిఫెరిల్ ఆల్కహాల్ కలిసి ఏర్పడిన ఎస్టరు. దానితోబాటు కొద్దిగా వానిల్లిన్ ఉంటుంది. ఐస్‌క్రీములో వచ్చే వెనిలా వాసనకు మూలం ఈ వానిల్లినే.

కోనిఫెరిల్ ఆల్కహాల్ సాంబ్రాణికి మాత్రమే సొంతమైనది కాదు. ప్రతి కట్టెలోను సెల్యులోజు నారలను సున్నపు గార వలె బంధించి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. లిగ్నిన్ నిర్మాణంలో వాడిన ముఖ్యమైన ఇటుకలలో ఈ ఆల్కహాలే ఒకటి. చాలినంత గాలి తగలకుండా కట్టెను వేడిచేస్తే దాని భాగాలు ఒకదాని తర్వాత ఒకటి విడిపోతాయి. దీనినే ఉష్ణవిఘటనం అంటారు. సుమారు 200 డిగ్రీలవద్ద హెమిసెల్యులోజు, 240 నుంచి 350 డిగ్రీల నడుమ సెల్యులోజు, 280 నుంచి 500 డిగ్రీల నడుమ లిగ్నిన్ విచ్ఛిన్నమవుతాయి. లిగ్నిన్ విరిగినప్పుడు గ్వాయకాల్, సిరింగాల్, కొద్దిగా వానిల్లిన్ పుడతాయి. కట్టెపొయ్యిమీద కాగిన పాలకు వచ్చే ఆ ప్రత్యేకమైన పొగ వాసనలో గ్వాయకాల్‌ది పెద్ద పాలు. నీటిలో నూరు కోట్ల భాగాలకు కొద్ది భాగాలు మాత్రమే ఉన్నా మనిషి ముక్కు దానిని పసిగట్టగలదు.

గ్వాయకాల్ నిర్మాణం చూడండి. బెంజీన్ వలయంపై ఒకచోట హైడ్రాక్సిల్ సముదాయం, దాని ప్రక్కనే మెథాక్సీ సముదాయం ఉంటాయి. హైడ్రాక్సిల్‌కు సరిగా ఎదుటి కొనలో ఏమున్నదన్న దానినిబట్టి పేరు, వాసన మారుతాయి. ఆ కొనలో ఉదజని ఉంటే గ్వాయకాల్, అనగా పొగ వాసన. ఆల్డిహైడు సముదాయం ఉంటే వానిల్లిన్, అనగా ఐస్‌క్రీము వాసన. మూడు కర్బనాల అల్లైల్ సముదాయం ఉంటే యూజెనాల్. ఈ యూజెనాలే లవంగం వాసన. లవంగం మొగ్గ బరువులో 15 నుంచి 20 శాతం వరకు సుగంధ తైలం ఉండగా, ఆ తైలంలో 70 శాతానికి పైగా యూజెనాలే. ఎదుటి కొనలో మూడు కర్బనాల ఆల్కహాలు గొలుసు ఉంటే అది సాంబ్రాణిలోను, లిగ్నిన్‌లోను ఉన్న కోనిఫెరిల్ ఆల్కహాల్.

కట్టెపొగ, లవంగం, సాంబ్రాణి, వెనిలా అనేవి వేరువేరు చెట్లనుంచి, వేరువేరు దేశాలనుంచి వచ్చినవి. అయినా వాటి ముఖ్య పరిమళాల ఎముకల గూడు ఒక్కటే. 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ అనే శాస్త్రజ్ఞులు కోనిఫెరిల్ ఆల్కహాల్ ఇమిడి ఉన్న కోనిఫెరిన్ అనే పదార్థాన్ని దేవదారుజాతి చెట్ల రసంనుంచి తీసి, దానినుంచి వానిల్లిన్ తయారుచేసినారు. ఈ బంధుత్వం ప్రయోగశాలలో అట్లు రుజువైనది. నిప్పుమీద లవంగం వేసిన వంటకత్తెకు, మైనంలో సాంబ్రాణి కలిపిన థాయ్ వంటకత్తెకు ఈ నిర్మాణం తెలియదు. వారి ముక్కులు దానిని వెదకి పట్టుకొన్నవి.

పరిమళానికి గూడు కొవ్వు

పొగలోని ఆవిరి ఆహారంలో నిలవాలంటే అందులో కరగవలెను. యూజెనాల్, వానిల్లిన్, గ్వాయకాల్ నీటిలో కొద్దిగా, కొవ్వులో బాగా కరుగుతాయి. నీరు, నూనె ప్రక్కప్రక్కన ఉంటే యూజెనాల్ నీటిలోకన్న నూనెలో ఎన్నో రెట్లు ఎక్కువగా చేరుకొంటుంది. తలంటి తర్వాత బిడ్డ జుట్టులో మిగిలిన పల్చని నూనె పొరలో సాంబ్రాణి పరిమళం సాయంకాలంవరకు నిలిచి ఉండడానికి ఇదే కారణం. ఖీమాలోని నేయి, మజ్జిగలోని వెన్న, థాయ్ మిఠాయిలోని కొబ్బరిపాల కొవ్వు ఒకే పని చేస్తున్నవి.

కొవ్వు పరిమళాన్ని పట్టుకోవడమే కాదు, మెల్లగా విడుస్తుంది కూడ. పొగ పట్టించిన నీటిని వెంటనే త్రాగాలి. పొగ పట్టించిన బిస్కత్తు మూత బిగించిన డబ్బాలో రోజుల తరబడి పరిమళాన్ని దాచుకొంటుంది.

నేతికి, కొబ్బరికి మరొక పోలిక ఉన్నది. రెంటి సహజ పరిమళంలోను డెల్టా డెకాలాక్టోన్ వంటి లాక్టోనులు పాలుపంచుకుంటాయి. వెన్న కాచినప్పుడు కమ్మని వాసన రావడం ఇందువల్లనే కొంత. పొగలోని వెనిలా వాసన, లవంగపు వాసన ఈ కమ్మదనంతో పొత్తు కుదుర్చుకొంటాయి.

అదే పొగలో విషం

ఇంతవరకు చెప్పినది పొగకు ఒక ముఖం. నేయి ఎర్రని బొగ్గును తాకినప్పుడు వేడి దాని పొగ స్థానాన్ని ఎంతో మించిపోతుంది. నేతికి పొగ స్థానం సుమారు 250 డిగ్రీలు. అంతకు మించిన వేడిలో కొవ్వులోని గ్లిసరిన్ భాగం నీటిని కోల్పోయి ఆక్రోలిన్ అవుతుంది. మాడిన నూనె దగ్గర కళ్ళు మండించేది ఇదే. వేడి ఇంకా పెరిగి, గాలి చాలకపోతే కర్బన శకలాలు ఒకదానితో ఒకటి అతుక్కుని పలు వలయాల అణువులుగా మారుతాయి. పరిమళాన్ని మోసిన ఆ బెంజీన్ వలయమే ఇప్పుడు ఐదు వలయాల గుంపుగా మారి బెంజోపైరీన్ అవుతుంది. దానిని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ మనుషులకు కాన్సరు కలిగించే పదార్థాల మొదటి తరగతిలో చేర్చినది.

మసికి, కాన్సరుకు గల సంబంధాన్ని మొదట గుర్తించినవాడు లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్. పొగగొట్టాలు శుభ్రంచేసే పనివారికి వచ్చే వ్రణాలను గురించి ఆయన 1775లో వ్రాసినాడు. నేడు యూరపు దేశాల సమాఖ్య పొగ పట్టిన మాంసంలో బెంజోపైరీన్ కిలోగ్రాముకు 2 మైక్రోగ్రాములను మించరాదని నియమించినది. ఈ హద్దు 2014 సెప్టెంబరునుంచి అమలులో ఉన్నది, అంతకు ముందు 5 మైక్రోగ్రాములు ఉండేది. పొగనుంచి తయారుచేసి ఆహారాలలో కలిపే 8 పరిమళ ద్రవాలకు అనుమతి పొడిగించరాదని కూడ ఆ సమాఖ్య 2024లో నిర్ణయించినది.

దీనినిబట్టి ధుంగార్‌ను మానివేయవలెనని కాదు. ఎప్పుడో ఒకసారి ఒక చెంచా నేతి పొగకు, ప్రతిరోజు కొవ్వు కారుతూ నిప్పులపై కాల్చిన మాంసానికి చాల భేదం ఉన్నది. అయితే పొగ పద్ధతిలో వివేకం అవసరం. పొగ ఎక్కువసేపు పట్టించితే పరిమళం పెరగదు, చేదు, ఘాటు పెరుగుతాయి. నాలుగైదు నిమిషాలు చాలును. మంట లేవనివ్వరాదు. నల్లని పొగ వస్తే ఆ గిన్నెను వెంటనే ప్రక్కకు తీయవలెను. తెల్లని పల్చని పొగ చాలును.

రెండవ జాగ్రత్త అగరువత్తులు, కప్పు సాంబ్రాణి గురించి. అంగడిలో దొరికే వీటిలో బొగ్గుపొడి, జిగురు, కృత్రిమ సుగంధాలు, వాటిని కరిగించే ద్రావకాలు ఉంటాయి. అవి గదికి ధూపం వేయడానికి చేసినవి, ఆహారానికి కాదు. వాటి పొగను పాయసానికో మజ్జిగకో పట్టించరాదు. మామూలు వెలుతురు కొవ్వొత్తి కూడ తియన్ ఓప్‌కు బదులు కాదు.

మూడవది అన్నిటికన్న ముఖ్యమైనది. బొగ్గు నిప్పులు కర్బన మోనాక్సైడును ఇస్తాయి. దీనికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హీమోగ్లోబిన్‌ను ఇది ఆమ్లజనికన్న 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. చలికాలంలో కుంపటిని గదిలో పెట్టుకొని తలుపులు బిగించి నిద్రించినవారు తిరిగి లేవకపోవడానికి కారణం ఇదే. పరిమళించే పొగ తన రాకను ముందే చాటుతుంది. ప్రాణం తీసే వాయువు ఏమీ చెప్పదు. కాబట్టి ధుంగార్ పెట్టేటప్పుడు మూత గిన్నెకే గాని గదికి ఉండరాదు. కిటికీలు తెరచి ఉంచవలెను. వాడిన బొగ్గును నీటిలో పూర్తిగా ఆర్పిన తర్వాతనే పారవేయవలెను.

తరగతిలో చేయదగిన రెండు ప్రయోగాలు

ఉపాధ్యాయులు పై సూత్రాలను తక్కువ ఖర్చుతో చూపవచ్చును. మొదటిది ఆర్పిన కొవ్వొత్తిని పొగ తీగద్వారా తిరిగి వెలిగించడం. గాలి కదలని చోట ఉపాధ్యాయుడే స్వయంగా చేసి చూపవలెను. మంట ఎంత దూరంనుంచి దూకగలిగినదో విద్యార్థులు కొలిచి వ్రాసుకోవచ్చును.

రెండవ ప్రయోగానికి పొగ అక్కరలేదు. మూతగల ఒక స్టీలు డబ్బాలో రెండు చిన్న గిన్నెలు పెట్టి, ఒకదానిలో నీరు, మరొకదానిలో అంతే కొబ్బరినూనె పోయాలి. కొబ్బరినూనెకు స్వంత వాసన ఉంటుంది కనుక పోల్చడానికి మరికొంత నూనెను వేరుగా దాచిపెట్టాలి. డబ్బా నడుమ వేడి ఇసుక గల గిన్నె ఉంచి, దానిపై నలగగొట్టిన లవంగాలు పది చల్లి మూత పెట్టాలి. అరగంట తర్వాత రెండు గిన్నెలను బయటకు తీసి వాసన చూడాలి. రెంటిలోను లవంగపు వాసన తెలుస్తుంది. తర్వాత రెంటిని మూత లేకుండా వదలి, గంట గంటకు వాసన చూసి వ్రాసుకోవాలి. నీరు తన పరిమళాన్ని త్వరగా పోగొట్టుకొంటుంది. నూనె దానిని చాలసేపు దాచుకొంటుంది. ఏ గిన్నె ఏదో తెలియకుండా కళ్ళకు గంతలు కట్టుకొని వాసన చూస్తే ఫలితం మరింత నమ్మదగినదిగా ఉంటుంది. కొవ్వు పరిమళానికి గూడు అన్న మాటకు ఇంతకన్న మంచి సాక్ష్యం అక్కరలేదు.

తరిమివేయవలసిన పొగకు, పిలుచుకోదగిన పొగకు నడుమ గీత ఎక్కడ అన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చును. ఆ గీత పదార్థాలలో లేదు. అదే బెంజీన్ వలయం ఒకచోట లవంగపు పరిమళం, మరొకచోట కాన్సరు బీజం. గీత వేడి ఎంత, గాలి ఎంత, వ్యవధి ఎంత, మోతాదు ఎంత అన్న నాలుగు కొలతలలో ఉన్నది. కణిక ఎర్రబడే వేళ, మూత తీసే వేళ తెలిసిన వంటకత్తె ఆ కొలతలను చేతి అలవాటుతో నేర్చుకొన్నది. వాటి కారణాలను కూడ తెలిసికొన్న విద్యార్థికి ఆ పొగ రుచితోబాటు దాని హద్దుకూడ తెలుస్తుంది.